సర్వే వాళ్లు అడిగితే మా అమ్మ "ఏ ఇబ్బందీ లేదు" అని చెప్పింది

పరకాల అమ్మాయి (శనివారం రాత్రి)

పరకాల దగ్గర మా ఊరికి ఇవాళ ఆరోగ్య సర్వే వాళ్లు వచ్చారు. నేను హైదరాబాదు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చాను కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. ట్యాబ్ పట్టుకున్న అమ్మాయికి ఇరవై మూడేళ్లుంటాయేమో. వరండాలో కూర్చుని అమ్మను అడుగుతోంది.

"ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తారు?"
"సర్కారు దవాఖానాకు."
"వైద్యం అందడంలో ఏమైనా ఇబ్బంది ఉందా?"
"ఏ ఇబ్బందీ లేదమ్మా."
"దూరమా?"
"దగ్గరే."
"డబ్బుకు?"
"అదేం లేదు."

పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. ఆ అమ్మాయి టీ తాగి పక్కింటికి వెళ్లింది.

నేను వంటింట్లో నిలబడి ఇదంతా వింటున్నాను. పోయిన ఏడాది బాపుకు కడుపునొప్పి వచ్చింది. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు రోజులు సెలైన్ ఎక్కించాడు. తగ్గకపోతే హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాలుగు రోజులకు అరవై రెండు వేలు అయింది. అందులో నలభై వేలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చినవి, ఇంకా తీరలేదు. ఇక అమ్మ మోకాళ్ల నొప్పి ఎన్నేళ్లదో నాకే గుర్తులేదు.

ఆ అమ్మాయి వెళ్లాక నిలదీస్తే, "దారిన పోయే పిల్లకు మన ఇంటి గుట్టు ఎందుకే" అంది అమ్మ.

ఇలాంటి జవాబులన్నీ కలిపి, శాతాలు కట్టి, వాటి మీద ప్రభుత్వాలు ఆరోగ్య విధానాలు రాస్తాయా? సర్వేల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

చపాటా మిర్చి (శనివారం రాత్రి)

మీ అమ్మగారు చేసిందే సరైన పని.

2014 ఆగస్టు 19 గుర్తుందా? సమగ్ర కుటుంబ సర్వే రోజు. మా చిన్నాన్న ఆ ఒక్క రోజు కోసం భివండీలో మగ్గం ఆపి, రైల్లో నిలబడి వచ్చాడు. పేరు రాయించుకోకపోతే ఊళ్లో లెక్కే ఉండదని అందరూ భయపెట్టారు. మళ్లీ 2024 నవంబరులో ఇంటింటి సర్వే, డెబ్బై ఐదు దాకా ప్రశ్నలు. బండి ఉందా, ఫ్రిజ్ ఉందా అని ఎవరైనా అడిగారంటే మా ఊళ్లో అందరికీ మొదట గుర్తొచ్చేది రేషన్ కార్డే. ఉన్నది చెబితే కార్డు పోతుంది, అప్పు సంగతి చెబితే పరువు పోతుంది. "ఇబ్బంది లేదు" అంటే ఏదీ పోదు.

ట్యాబ్ మోసినవాడు (ఆదివారం ఉదయం)

డిగ్రీ అయ్యాక ఏడాదిన్నర పాటు ఆ ట్యాబ్ మోసింది నేనే. ఏజెన్సీ పేరు వద్దు. అక్కడ జరిగింది చెబుతాను, తిట్టదలచుకుంటే తిట్టండి.

రోజుకు ఇన్ని ఇళ్లు అని లెక్క ఉంటుంది. అది పూర్తి కాకపోతే భత్యంలో కోత. ట్యాబ్‌లో ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటాయి. "గత ఏడాదిలో ఎవరైనా ఆసుపత్రిలో చేరారా?" అన్నదానికి "లేదు" అంటే నేరుగా తర్వాతి భాగానికి వెళ్లిపోవచ్చు. "అవును" అంటే ఏ జబ్బు, ఎన్ని రోజులు, మందులకు ఎంత, పరీక్షలకు ఎంత, బండికి ఎంత, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు అని ఇరవై ప్రశ్నలు తెరుచుకుంటాయి. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఎండ నెత్తిన ఉంటుంది. అప్పుడు నా నోటి నుంచి ప్రశ్న ఎలా వచ్చేదో తెలుసా? "ఈ ఏడాది ఎవరూ ఆసుపత్రిలో చేరలేదు కదా అమ్మా?"

ఆ "కదా"తోనే జవాబు నేను చెప్పేసినట్టు. ఎదుటివాళ్లు తలూపితే చాలు.

ఇంకొకటి. మేము ఊళ్లోకి వెళ్లేది పదకొండు గంటలకు. పత్తి తీసే రోజుల్లో ఆ వేళకు ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, బాలింతలు, మంచాన ఉన్నవాళ్లు. "ఇంటి సంగతులు బాగా తెలిసినవారిని అడగాలి" అని శిక్షణలో చెప్పారు. ఆ బాగా తెలిసిన మనిషి మూడు కిలోమీటర్ల అవతల చేనులో ఉంటుంది.

పరకాల అమ్మాయి (ఆదివారం ఉదయం)

తిట్టను, అన్నా. నిన్నటి అమ్మాయి కూడా "దూరం ఏమీ కాదు కదా" అనే అడిగింది. ఇప్పుడు గుర్తొస్తోంది.

లెక్కల అక్క (ఆదివారం మధ్యాహ్నం)

నా పని ఇలాంటి సర్వేల లెక్కలు చదవడమే. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

అన్ని సర్వేలనూ ఒకే గాటన కట్టకండి. ఇప్పుడు చెప్పుకున్న ఇంటింటి కుటుంబ సర్వేలు వేరు, కొన్ని ఇళ్లనే ఎంచి అడిగే నమూనా సర్వేలు వేరు. ఆరోగ్య విధానాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు నమూనా సర్వేలు. మొదటిది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 1992-93లో మొదలైంది, ముంబయిలోని ఐఐపీఎస్ అనే జనాభా అధ్యయన సంస్థ నడుపుతుంది. ఐదో విడత 2019-21లో జరిగింది. తెలంగాణ వరకు 2019లోనే, కొవిడ్‌కు ముందే, రాష్ట్రం మొత్తం మీద సుమారు 27 వేల ఇళ్లకు వెళ్లారు. ఎంపికైన ఊళ్లో 22 ఇళ్లు తీస్తారు. ఆ ఇళ్లను ఎవరూ ఇష్టం వచ్చినట్టు ఎంచుకోరు. ముందు జాబితా రాసి, లెక్క ప్రకారం ఇన్ని ఇళ్లకొక ఇల్లు చొప్పున తీస్తారు.

రెండోది జాతీయ నమూనా సర్వే 75వ విడత. 2017 జూలై నుంచి 2018 జూన్ దాకా దేశంలో లక్షా 13 వేలకు పైగా ఇళ్లలో చేశారు. ఖర్చుల సంగతి వివరంగా దొరికేది ఇందులోనే. ఆసుపత్రిలో చేరిన సంగతి 365 రోజుల వెనక్కి అడుగుతారు, మామూలు జబ్బులు 15 రోజుల వెనక్కి. ఒక్కసారి చేరితే సర్కారు ఆసుపత్రిలో సగటున 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 అయిందని తేలింది. డబ్బు ప్రధానంగా ఎక్కడిదని అడిగితే పల్లెల్లో 80 శాతం కేసుల్లో సొంత సంపాదన, పొదుపు అన్నారు, 13 శాతం కేసుల్లో అప్పు అన్నారు. మీ బాపు నలభై వేలు ఈ అప్పు గడిలో పడాల్సింది. అయితే మీ అమ్మగారు నోరు విప్పితేనే పడుతుంది. విప్పినా, ఏడాది దాటిందంటే ఆసుపత్రి సంగతి ఆ గడిలోంచి జారిపోతుంది. మిత్తి మాత్రం మీ ఇంట్లోనే ఉంటుంది.

ఇప్పుడు "ఇబ్బంది లేదు" అనే జవాబు సంగతి. ఇది పరకాలకే పరిమితం కాదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఆంగస్ డీటన్, ఎస్తర్ డఫ్లో కలిసి రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో చేసిన సర్వే ఒకటి 2004లో అచ్చయింది. వాళ్లు ప్రశ్నలతో ఆగలేదు. రక్తం పరీక్షించారు, ఊపిరి బలం కొలిచారు. ఒంట్లో రక్తం లేనివాళ్లు, నాలుగు అడుగులు నడిస్తే ఆయాసపడేవాళ్లు చాలామంది తేలారు. అదే మనుషులను మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అన్నారు. వైద్యం మీద తృప్తేనా అంటే తృప్తే అన్నారు. అమర్త్య సేన్ 2002లో ఇదే ముడిని ఇంకో వైపు నుంచి చూపించారు. మాకు జబ్బుంది అని ఎక్కువగా చెప్పేది కేరళ జనం, తక్కువగా చెప్పేది బీహార్ జనం. ఎక్కువ కాలం బతికేదేమో కేరళలో. ఆసుపత్రి ముఖం చూసినవాడికే తన జబ్బు పేరు తెలుస్తుంది. మోకాళ్ల నొప్పి వయసుతో వచ్చేదే అనుకునే మనిషి దాన్ని జబ్బుగా చెప్పదు.

అందుకే "వైద్యం అందడంలో ఇబ్బంది ఉందా" అన్న ప్రశ్న నాకు నచ్చదు. అది అభిప్రాయం అడుగుతుంది. జరిగింది అడగాలి. చివరిసారి ఇంట్లో ఎవరికి బాగాలేదు? ఆ రోజు మొదట ఎవరి దగ్గరికి వెళ్లారు? ఏ బండి మీద? ఎవరు తోడు వచ్చారు? వాళ్ల కూలి ఎంత పోయింది? ఇక అన్నిటికంటే ముఖ్యం, వెళ్దామనుకుని వెళ్లకుండా ఉండిపోయిన రోజు ఏది? మీ అమ్మగారిని ఇలా అడిగి చూడండి. అయితే ట్యాబ్ లేకుండా అడగండి.

జంపన్నవాగు (ఆదివారం సాయంత్రం)

అక్కా, మీరు జిల్లా లెక్కలు చూసేవారు కదా, ములుగు లెక్క చెప్పండి చూద్దాం.

నేనే చెబుతాను. 2019-21 సర్వే 2017 మార్చి ఆఖరు నాటి జిల్లాల పటం మీద చేసింది. ములుగు జిల్లా అయింది 2019 ఫిబ్రవరిలో. అంటే 33 జిల్లాల రాష్ట్రంలో ఆ సర్వే 31 జిల్లాలనే చూసింది. మేం భూపాలపల్లిలో కలిసి ఉన్నాం. భూపాలపల్లి అంటే బొగ్గు గనులు, సింగరేణి ఉద్యోగులు, వాళ్లకు కంపెనీ ఆసుపత్రి. కన్నాయిగూడెం, తాడ్వాయి, మంగపేట గూడేలను వాళ్లతో కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఎవరిది? వాళ్లదీ కాదు, మాదీ కాదు. దానికి ముందు 2015-16 సర్వేలోనైతే పాత వరంగల్ జిల్లా మొత్తం ఒకటే ముద్ద. హనుమకొండ చౌరస్తా, మేడారం అడవి ఒకే గడిలో.

దూరం సంగతి ఇంకో కథ. ఆసుపత్రి ఎనిమిది కిలోమీటర్లు అని రాసుకుంటారు. ఏ నెలలో ఎనిమిది? 2023 జూలైలో జంపన్నవాగు మా ఏటూరునాగారం వైపు, మోరంచవాగు భూపాలపల్లి వైపు ఊళ్ల మీదికే వచ్చాయి. మనుషులు కొట్టుకుపోయారు. అంత వరద రాని ఏడాది కూడా ఆషాఢం నుంచి భాద్రపదం దాకా కొన్ని గూడేలకు ఆ ఎనిమిది కిలోమీటర్లు ఎనభై అవుతాయి. నెలలు దగ్గరపడ్డ ఆడవాళ్లను ముందే తెచ్చి పెద్ద ఊళ్లో ఉంచుకుంటారు. ఆ పదిహేను రోజుల తిండి, మిగతా పిల్లలను చూసుకునే మనిషి, ఇవి ఏ కాగితంలో ఉన్నాయి? "ఆసుపత్రిలో ప్రసవం: అవును" అని మాత్రం ఉంటుంది.

లెక్కల అక్క (ఆదివారం రాత్రి)

ములుగు మాట నిజం. దీనికి నా దగ్గర సర్దిచెప్పే జవాబు లేదు. జిల్లాకు ఎనిమిది, తొమ్మిది వందల ఇళ్ల నమూనా ఉంటుంది. జిల్లాను రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు నమ్మదగిన అంకె రాదు.

ములుగుకు ఇంకో లెక్క ఉండాలి. 2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం హెల్త్ ప్రొఫైల్‌ను మొదట ములుగు, సిరిసిల్ల జిల్లాల్లోనే మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు, రక్త పరీక్షలు. అది నమూనా కాదు, ఇంటింటి లెక్క. మీ ఇంటికి వచ్చారా?

జంపన్నవాగు (ఆదివారం రాత్రి)

వచ్చారు. బీపీ చూశారు, రక్తం తీసుకున్నారు. అమ్మకు షుగరుందని తెలిసింది అప్పుడే, అందుకు నమస్కారం పెడతాను. కానీ అది ఎవరికి జబ్బుందో చెబుతుంది. జబ్బున్నవాళ్లు ఎందుకు రాలేదో చెప్పదు.

ఓపీ చీటీ (సోమవారం, డ్యూటీ అయ్యాక)

నేను ఒక పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, డాక్టరును. ఏ మండలమో అడగకండి.

సర్వేల్లో మా గురించి వచ్చేది ఒకటే మాట. కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సగం ఇళ్లు మామూలుగా సర్కారు వైద్యానికి వెళ్లం అన్నాయి. ఎందుకంటే అందరికంటే ఎక్కువమంది చెప్పిన కారణం "వైద్యం నాణ్యంగా ఉండదు". ఇంకా, దగ్గరలో లేదు, సమయం కుదరదు, సిబ్బంది ఉండరు, చాలాసేపు కూర్చోబెడతారు. నాకు వీటిలో ఏదీ అబద్ధంగా కనిపించదు. నా కోపం వేరే.

మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, గిరిజన ప్రాంతంలో 20 వేలకు ఒకటి. ఇది కాగితం మీది కొలత. నా దగ్గర పొద్దున ఓపీ ముగిసేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కూలికి వెళ్లేవాళ్లకు తీరికయ్యేది సాయంత్రం ఆరు తర్వాత. ఆ వేళకు ఊళ్లో తలుపు తెరిచి ఉండేది ఆర్‌ఎంపీ ఒక్కడిదే. డబ్బు రేపిస్తానంటే ఒప్పుకుంటాడు. "సమయం కుదరదు" అని సర్వేలో ఒక టిక్కు పెడితే ఇదంతా అందులో పడిపోతుంది. దాన్ని చూసి పైనుంచి వచ్చే ఆదేశం ఏమిటో తెలుసా? హాజరు యంత్రం!

చపాటా మిర్చి (సోమవారం రాత్రి)

డాక్టరు గారూ, హాజరు యంత్రం ఊరికే రాలేదు. ప్రపంచ బ్యాంకు వాళ్లు చెప్పకుండా వెళ్లి చూస్తే మన దేశంలో ఆరోగ్య సిబ్బందిలో నూటికి నలభై మంది కనిపించలేదని 2006లో అచ్చయిన పరిశోధన నేనూ చదివాను. మిరపకాయలు అమ్ముకునేవాడికి ఇవి తెలియవనుకోకండి.

ఓపీ చీటీ (సోమవారం రాత్రి)

అనుకోలేదు సార్. కానీ ఏఎన్ఎం అంటే ఊళ్లు చూసుకునే ఆరోగ్య నర్సు, ఆమె పనే ఊళ్లు తిరగడం. ఆమె ఉండే సబ్ సెంటర్‌కు, అంటే పీహెచ్‌సీ కింది ఉపకేంద్రానికి, తాళం ఉందంటే ఆమె టీకాలు వేస్తూ ఉండవచ్చు.

లెక్కల అక్క (సోమవారం రాత్రి)

ఆ సందేహం ఉదయ్‌పూర్ వాళ్లకూ వచ్చింది. అందుకే ఏడాదిపాటు వారం వారం మనిషిని పంపి చూశారు. తెరిచి ఉండాల్సిన వేళల్లో సబ్ సెంటర్ 56 శాతం సార్లు మూసి ఉంది. వాటిలో నర్సు దగ్గరి ఊళ్లలో పని మీద ఉన్నది 12 శాతం సార్లే. అది రాజస్థాన్, ఇరవై ఏళ్ల కిందటి మాట. మన ఆశాలు, ఏఎన్ఎంలు అలాంటివారని నేను అనడం లేదు. "తిరుగుతూ ఉంటారు" అన్నదాన్ని కూడా కొలవవచ్చని చెబుతున్నాను. అంతే.

స్టెన్సిల్ తాత (మంగళవారం ఉదయం)

పిల్లలూ, నేను హెల్త్ సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేసి పదేళ్లు దాటింది.

మా రోజుల్లో మలేరియా పనికి తిరిగేటప్పుడు ప్రతి ఇంటి గోడ మీద స్టెన్సిల్, అంటే అచ్చుతో వేసిన గళ్ల పట్టీ, ఉండేది. వెళ్లిన ప్రతిసారి తేదీ వేసి, పొట్టి సంతకం చేయాలి. పై అధికారి వచ్చినప్పుడు మా డైరీ చూసేవాడు కాదు, నేరుగా గోడ దగ్గరికి వెళ్లేవాడు. గోడకు సున్నం వేస్తే మా కొలువుకు గండమని నవ్వుకునేవాళ్లం. జ్వరం వచ్చిందా అని అడిగితే "లేదు" అనేవారు. వేలు పొడిచి రక్తం తీస్తామని భయం. మా దగ్గర పనిచేసిన ఒకాయన ప్రశ్న మార్చాడు. "మొన్న రాత్రి దుప్పటి ఎవరు ఎక్కువ కప్పుకున్నారు?" అని అడిగేవాడు. పిల్లలు వెంటనే చూపించేవారు. ఆయన రోజుకు తెచ్చే రక్తపు స్లైడ్లు మా అందరి స్లైడ్ల కంటే ఎక్కువ.

ఇక ఆర్‌ఎంపీల సంగతి. వాళ్లను దొంగలనే మాట వింటున్నాను. కొందరు అవసరం లేని సెలైన్లు, స్టెరాయిడ్లు ఎక్కించి ప్రాణాల మీదికి తెచ్చారు, నేను కళ్లారా చూశాను. పాము కరిస్తే అర్ధరాత్రి బండి మీద కూర్చోబెట్టుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా తెచ్చినవాళ్లనూ చూశాను.

ట్యాబ్ మోసినవాడు (మంగళవారం మధ్యాహ్నం)

తాతా, ఆర్‌ఎంపీ గురించి మీరు ఎత్తారు కాబట్టి ఇదీ చెప్పాలి. మా ట్యాబ్‌లో "ప్రైవేటు డాక్టరు", "అర్హత లేని వైద్యుడు" అని రెండు వేరు వేరు గడులు. ఇంటివాళ్లు "మా ఊరి డాక్టరు దగ్గరికి" అంటారు. ఆయన చదువుకున్నారా, పట్టా ఉందా అని అడిగితే ముఖం చిట్లిస్తారు. "డాక్టరు కాకపోతే సూది ఎలా వేస్తాడు?" అంటారు. నేను ప్రైవేటు డాక్టరు అనే నొక్కేవాణ్ని. నాలాంటి వాళ్లు ఎంతమంది నొక్కి ఉంటారో. అందుకేనేమో సర్కారు నివేదికల్లో అర్హత లేని వైద్యుల వాటా ఎప్పుడూ ఒక అంకె దాటదు. ఊళ్లో చూస్తే సంగతి వేరు.

లెక్కల అక్క (మంగళవారం సాయంత్రం)

ఈ మాట నేను అచ్చులో ఎక్కడైనా వాడుకోవచ్చా తమ్ముడూ? పేరు పెట్టను.

దీనికి జవాబుగా కొందరు పరిశోధకులు ఇళ్లకు వెళ్లడం మానేసి, వైద్యుల దగ్గరికే రోగుల్లా నటించే మనుషులను పంపారు. ఛాతీనొప్పి, ఆయాసం, ఇంట్లో పిల్లవాడికి విరేచనాలు, ఇలా నేర్పించిన కథతో. మధ్యప్రదేశ్ పల్లెల్లో చేసిన అలాంటి పరిశోధన 2012లో వచ్చింది. అక్కడ వైద్యం చేస్తున్నవారిలో మూడింట రెండు వంతుల మందికి వైద్య పట్టా ఏదీ లేదు. ఒక్కో రోగితో గడిపింది సగటున నాలుగు నిమిషాలు కూడా లేదు. పశ్చిమ బెంగాల్‌లో ఇంకో అడుగు వేసి, పట్టా లేనివాళ్లకు తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చి, నటించే రోగులతో పరీక్షించారు. ఫలితం 2016లో అచ్చయింది. జబ్బును సరిగా చూసుకోవడం మెరుగైంది. అక్కర్లేని మందులు రాయడం మాత్రం తగ్గలేదు. రెండు పక్షాల వాళ్లూ తమకు నచ్చిన సగాన్నే చెప్పుకుంటారు.

ఓపీ చీటీ (మంగళవారం రాత్రి)

నేను ఏ సగం చెప్పుకుంటానో మీకు తెలుసు. అక్కర్లేని యాంటీబయాటిక్‌లు వాడిన రోగి చివరికి నా దగ్గరికే వస్తాడు. మందు పనిచేయని దశలో.

మానేరు (బుధవారం ఉదయం)

నాది కరీంనగర్. ఇంతసేపూ వైద్యం అందని కథలే చెప్పుకుంటున్నారు. అతిగా అందిన కథ కూడా వినండి.

2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే. చప్పట్లు కొట్టారు. అదే నివేదికలో తర్వాతి వరుస చూడండి. సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటులో అయితే 81.5. సర్కారు ఆసుపత్రుల్లోనే 44.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నుంచి చెబుతున్నది పది, పదిహేను శాతం. మా కరీంనగర్ జిల్లాదైతే మొత్తం మీదే ఎనభై దాటింది.

నా రెండో కాన్పు ఆ లెక్కలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే అన్నారు. మా అత్తమ్మ పంతులు దగ్గరికి వెళ్లి మంచి గడియ రాయించుకొచ్చారు. తెల్లవారుజామున నాలుగు గంటల ఇరవై నిమిషాలు. డాక్టరమ్మ కాదనలేదు. సర్వే అమ్మాయి ఆ తర్వాత వచ్చి "ప్రసవం ఎక్కడ, ఎలా" అని అడిగింది. "ఆపరేషన్" అన్నాను. ఎవరు నిర్ణయించారు అని అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర నలుగురి పేర్లున్నాయి. అందులో నా పేరు లేదు.

2017లో మన రాష్ట్రంలో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది మా కరీంనగర్‌లోనే. ఆ సంగతి నాకు తెలిసింది రెండో కాన్పు తర్వాత.

చపాటా మిర్చి (బుధవారం మధ్యాహ్నం)

అమ్మా, మీది చదివాక ఏం రాయాలో తోచలేదు.

అక్కను ఒకటి అడుగుతాను. వైద్యం ఖర్చులో జనం జేబు నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22కు 39.4కు తగ్గిందని పేపర్లో చదివాను. నా జేబుకు ఆ కబురు అందలేదేమిటి? ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెంచారు, సంతోషమే. మా ఇంట్లో నెలనెలా పోయేది బీపీ, షుగరు, గ్యాసు మాత్రలకు. వాటికి ఆరోగ్యశ్రీ లేదు.

లెక్కల అక్క (బుధవారం రాత్రి)

అది శాతం. మొత్తంలో ప్రభుత్వ వాటా పెరిగితే మీ వాటా శాతం తగ్గుతుంది, మీ రూపాయి తగ్గనక్కర్లేదు. పైగా 2021-22 కొవిడ్ ఏడాది, ప్రభుత్వాలు మామూలు కంటే ఎక్కువ ఖర్చు పెట్టాయి. ఇంటి ఖర్చుకు ఆ లెక్కలో ఆధారమేమో నేను మొదట్లో చెప్పిన 2017-18 సర్వేయే. దాన్నే ధరల ప్రకారం ముందుకు లాగారు. అంటే కొవిడ్‌లో మీరు ఆక్సిజన్ సిలిండరుకు పెట్టిన డబ్బును మిమ్మల్ని అడిగి రాసుకున్నది కాదు.

మాత్రల సంగతి మీరు చెప్పిందే. ఆసుపత్రి పడకకు బీమా ఉంది, మందుల చీటీకి లేదు. నెలకు ఐదారు వందలు అప్పుగా కనిపించవు, వార్తగా కూడా కనిపించవు.

పరకాల అమ్మాయి (గురువారం రాత్రి)

సెలవు రెండు రోజులు పొడిగించాను. అక్క చెప్పినట్టు, తాత చెప్పినట్టు, అమ్మను మళ్లీ అడిగాను. పత్తి కాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు. ట్యాబ్ లేదు, కాగితం కూడా లేదు.

"ఇబ్బంది" అన్న మాటే ఎత్తలేదు. వెళ్దామనుకుని ఆగిపోయిన రోజులు చెప్పు అన్నాను. మొదట "ఏమున్నాయి" అంది. తర్వాత తనే మొదలుపెట్టింది. నాటు వేసేటప్పుడు కళ్లు తిరిగి గట్టు మీద పడిపోయిన రోజు. మోకాలికి ఎక్స్‌రే తీయించుకు రమ్మని చీటీ రాసిస్తే, బాపుకు తీరిక లేక ఆ చీటీ బీరువాలోనే ఉండిపోయింది. ఒంటరిగా వెళ్లవచ్చు కదా అంటే, "ఏ గదిలోకి వెళ్లాలో బోర్డులు చదవడం రాదు కదా" అంది. మా అమ్మకు చదవడం రాదని నాకు తెలుసు. దానికీ ఎక్స్‌రేకూ సంబంధం ఉందని ఇన్నేళ్లలో తట్టలేదు. సర్కారు కంటి పరీక్షల్లో, కంటి వెలుగులో, ఇచ్చిన అద్దాలు పెట్టుకుని కూడా అక్షరాలను చూస్తుందే గానీ చదవలేదు.

బాపు ఖర్చు అరవై రెండు వేలు అని నేను మొదట రాశాను. అమ్మ లెక్క ప్రకారం డెబ్బై ఒక్క వేలు. ఆటోలు, ఆసుపత్రి బయట తిన్న భోజనాలు, పాలివ్వని బర్రెను తొందరలో తక్కువకు అమ్మడం, ఇవన్నీ ఆమె వేళ్ల మీద ఉన్నాయి.

అసలు సంగతి చివర్లో బయటపడింది. అమ్మకు పీహెచ్‌సీలో నెలకు సరిపడా బీపీ మాత్రలు ఇస్తారు. రిజిస్టరులో నెలనెలా టిక్కు పడుతుంది. అవి ఇద్దరూ వేసుకుంటున్నారు! ఒక రోజు అమ్మ, ఒక రోజు బాపు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు బాపుకూ బీపీ ఉందని చెప్పారట. విడిగా చూపించుకుంటే మళ్లీ పరీక్షలు అంటారని, ఉన్నవే పంచుకుంటున్నారు. ఏడాది నుంచి.

ఓపీ చీటీ (గురువారం రాత్రి)

అమ్మా, ఇది వెంటనే ఆపించండి. రోజు విడిచి రోజు వేసుకుంటే ఇద్దరికీ బీపీ అదుపులో ఉండదు. మీ బాపును ఒక్కసారి పీహెచ్‌సీకి తీసుకురండి. బీపీ రెండు మూడుసార్లు చూసి, ఆయన పేరున వేరే చీటీ రాస్తారు. మాత్రలు ఉచితమే. అమ్మకు ఏ మాత్ర ఇస్తున్నారో అది ఆయనకు సరిపడుతుందని లేదు, ముఖ్యంగా కడుపునొప్పితో చేరిన మనిషి కాబట్టి మూత్రపిండాల పరీక్ష కూడా అడగండి.

నా రిజిస్టరులో ఇలాంటి టిక్కులు ఎన్ని ఉన్నాయో అని ఆలోచిస్తున్నాను.

మందుల సంచి (గురువారం రాత్రి)

నేను ఆశా కార్యకర్తను. ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, రాయలేదు. మాత్రలు పంచుకోవడం మాకు తెలుసు. ఖాళీ స్ట్రిప్పు అడిగితే బయటపడుతుంది. అడగమని మాకు ఎవరూ చెప్పలేదు, మేమే అడుగుతాం. చెల్లీ, మీ ఊరి ఆశాకు ఈ సంగతి చెప్పు. బాపు రానంటే ఆమె యంత్రం తెచ్చి ఇంటి దగ్గరే చూస్తుంది. ఎక్స్‌రేకు అమ్మతో తోడు కూడా వెళ్తుంది, అడిగితే.

లెక్కల అక్క (గురువారం రాత్రి)

మందుల సంచి గారూ, ఖాళీ స్ట్రిప్పు ప్రశ్న నేను రాసుకున్నాను.

పరకాల అమ్మాయి (శుక్రవారం ఉదయం)

ఆశాతో మాట్లాడాను. ఇవాళ వస్తానంది. బాపు మాత్రం పత్తి బస్తాలు మార్కెట్‌కు వేసుకుని ఐదింటికే వెళ్లిపోయాడు. సాయంత్రం ఏడు తర్వాత రాగలరా అని అడిగాను, వస్తానంది.